రెండు ప్రశ్నల పుస్తకం

ఈ పుస్తకం నాలుగో అధ్యాయంలో ఒక లెక్క ఉంది. పాఠకులు ముందు దాన్ని చదివి, ఆ తర్వాత మొదటి పేజీకి రావాలని నా సలహా. 500 మెగావాట్ల బొగ్గు యూనిట్ ఒకటి పూర్తి సామర్థ్యంతో రోజంతా నడిస్తే 1.2 కోట్ల యూనిట్ల కరెంటు వస్తుంది. ఒక్కో యూనిట్ కరెంటుకి కిలోకి కాస్త తక్కువ కార్బన్ డయాక్సైడ్ చొప్పున వేసుకున్నా, రోజుకి 11 వేల టన్నులు పొగగొట్టం దాటిపోతుంది. ఆ పొగని నాచు చెరువుల్లోకి మళ్లిద్దాం అనుకోండి. కిలో ఎండు నాచు తయారవడానికి సుమారు 1.8 కిలోల కార్బన్ డయాక్సైడ్ పడుతుంది. బాగా సాగే చెరువులో చదరపు మీటరుకి రోజుకి 20 గ్రాముల నాచు వస్తే గొప్ప. ఆ లెక్కన ఎకరానికి 81 కిలోల నాచు, 146 కిలోల కార్బన్ డయాక్సైడ్. అంటే ఆ ఒక్క యూనిట్ పొగకి 75 వేల ఎకరాల చెరువు తవ్వాలి. పరవాడ దగ్గర సింహాద్రి కేంద్రంలో అలాంటి యూనిట్లు నాలుగున్నాయి. మూడు లక్షల ఎకరాలు! అదీ రాత్రిపూట వచ్చే పొగని ఎక్కడ దాచాలన్న సంగతి పక్కన పెడితే. చీకటి పడ్డాక నాచు కార్బన్ డయాక్సైడ్ పీల్చదు సరికదా, తనే కొంత వదులుతుంది.

కార్బన్ పట్టుకునే సూక్ష్మజీవుల మీద ఇంత ప్రేమతో పుస్తకం రాసిన మనిషి, వాటికి ఇంత గట్టి పరీక్ష తనే పెట్టడం నాకు నచ్చింది. ఈ రచయిత్రి మా దగ్గర ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదువుకుంది. నేను ఏ బ్యాక్టీరియా గురించి పాఠం చెప్పినా, చివర్లో చెయ్యెత్తి "అయితే మాస్టారూ, దానికి శక్తి ఎక్కణ్నుంచి వస్తుంది?" అని అడిగేది. తర్వాత కొన్నేళ్లు పరిశ్రమలో ఫెర్మెంటర్ల మధ్య పనిచేసి, రెండో ప్రశ్న కూడా నేర్చుకుంది: "పట్టుకున్న కార్బన్ చివరికి ఎక్కడికి పోతుంది?" పుస్తకం మొత్తం ఈ రెండు ప్రశ్నల మీదే నడిచింది. ఏ జీవిని పరిచయం చేసినా, ఏ కంపెనీ ప్రకటనని ఉటంకించినా, ఆ రెండూ అడిగి జవాబు రాబట్టందే అధ్యాయం ముగించలేదు. రాతప్రతి పంపిస్తూ "పొగడక్కర్లేదు మాస్టారూ, చూసి చెప్పండి చాలు" అంది. చూశాను. పొగడక తప్పని చోట్లు చాలానే ఉన్నాయి. పేచీ పెట్టుకోవలసినవీ కొన్ని ఉన్నాయి.

మొదటి అధ్యాయం పాత చరిత్ర. సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట సముద్రాల్లోని సయనోబ్యాక్టీరియా వదిలిన ఆక్సిజన్ గాలిలో పేరుకోవడం మొదలైంది. ఆ నీలి ఆకుపచ్చ నాచు వారసులే ఇవాళ మన వరిమళ్లలో తేలుతున్నాయి. వీటన్నిటి లోపలా, ప్రతి పచ్చని ఆకులోనూ కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకునే ఎంజైమ్ ఒకటే, రూబిస్కో. ఇంత పెద్ద ఉద్యోగం చేసే ఎంజైమ్ మహా మందకొడి. సెకనుకి పట్టుమని పది అణువుల్ని కూడా పట్టదు. పైగా ఆక్సిజన్‌నీ కార్బన్ డయాక్సైడ్‌నీ సరిగా పోల్చుకోలేదు. పెళ్లి గుమ్మం దగ్గర నిలబెట్టిన చూపు ఆనని తాతగారిలా, పిలిచినవాళ్లతో పాటు పిలవనివాళ్లనీ లోపలికి పంపేస్తుంది. ఆ పొరపాటు సరిదిద్దుకోవడానికి మొక్క అప్పటికే పట్టుకున్న కార్బన్‌లో కొంత పోగొట్టుకుంటుంది. మందకొడి పనివాణ్ని మార్చలేక మొక్కలు వాటి సంఖ్య పెంచుకున్నాయి. చాలా ఆకుల్లో కరిగే ప్రోటీన్‌లో సగం దాకా రూబిస్కోయే ఉంటుంది.

పట్టుకున్న కార్బన్ మొదట ఏ పదార్థంగా మారుతుందో తేల్చిన మెల్విన్ కాల్విన్ ప్రయోగాన్ని ఆమె వర్ణించిన తీరు పాఠ్యపుస్తకాలు రాసేవాళ్లు చూసి నేర్చుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో పల్చటి గాజు పాత్ర ఒకటి. చూడ్డానికి పుల్లకి గుచ్చిన లాలీపాప్‌లా ఉండేది కాబట్టి అందరూ దాన్ని ఆ పేరుతోనే పిలిచేవాళ్లు. అందులో ఆకుపచ్చ నాచు నీళ్లు, అటూ ఇటూ దీపాలు. రేడియోధార్మిక కార్బన్-14 ఉన్న ద్రావణాన్ని అందులోకి ఎక్కిస్తారు. కొద్ది సెకన్లు గడవగానే అడుగున మర తిప్పుతారు. నాచు వేడి ఆల్కహాల్లో పడి అక్కడికక్కడే చచ్చిపోతుంది. ఆ క్షణానికి కార్బన్ ఏ పదార్థంలోకి చేరిందో అక్కడే ఆగిపోతుంది. ఆ రసాన్ని వడపోత కాగితం మీద పాకించి, దాన్ని ఎక్స్‌రే ఫిల్ముకి ఆనించి కొన్నాళ్లు చీకట్లో ఉంచుతారు. కార్బన్-14 చేరిన ప్రతి పదార్థమూ ఫిల్ము మీద ఒక నల్ల మచ్చ. ఎక్కువసేపు వెలుగు చూపిస్తే మచ్చలు బోలెడు; సమయం తగ్గిస్తూ పోతే మచ్చలూ తగ్గి, మొదట పుట్టిన పదార్థం బయటపడుతుంది. 1961లో నోబెల్ కాల్విన్ ఒక్కడికే వచ్చింది. ఆ ప్రయోగాల్లో ఆయనతో కలిసి పనిచేసిన ఆండ్రూ బెన్సన్‌కి రాలేదు. రచయిత్రి ఈ సంగతి ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకుంది. నేనైతే ఓ పేరా తిట్టేవాణ్ని.

నాచు చెరువుల దగ్గరికి మళ్లీ వస్తాను. పుస్తకానికి ఆయువుపట్టు అదే. రేస్ ట్రాక్ ఆకారంలో చుట్టు తిరిగే కాలువ, అడుగు లోతు నీళ్లు, వాటిని కదిలిస్తూ తిరిగే తెడ్ల చక్రం. దూరం నుంచి చూస్తే చిక్కటి పచ్చరంగు. లోటా ముంచి తీస్తే అసలు సంగతి తెలుస్తుంది: లీటరు నీళ్లలో ఉండే నాచు గ్రాము, ఒక్కోసారి అందులో సగం. కిలో ఎండు నాచు కావాలంటే వెయ్యి, రెండు వేల లీటర్ల నీళ్లు వడగట్టాలి, ఆపైన ఆరబెట్టాలి. చాలాసార్లు పెంపకం కన్నా ఈ వడగట్టుడు, ఆరబెట్టుడే ఖర్చు. ఇక రోటిఫర్లు. కంటికి ఆనీ ఆనని ఈ జంతువులు చెరువులో పడ్డాయంటే రెండు మూడు రోజుల్లో పచ్చరంగు పోయి నీళ్లు గోధుమరంగుకి తిరుగుతాయి. ఆ దెబ్బతో పంట గోవిందా. వీటి మీద ఆమె రాసిన నాలుగు పేజీలు, నాచు వ్యాపారంలో డబ్బు పెట్టాలనుకునే ప్రతివాళ్లూ చెక్కు మీద సంతకం పెట్టేముందు చదవాలి.

స్పిరులీనా ఎందుకు బతికి బట్టకట్టిందో కూడా ఇక్కడే తెలుస్తుంది. అది బాగా క్షారం ఉన్న నీళ్లలో పెరుగుతుంది; ఆ నీళ్లలో పోటీకి వచ్చే జీవులు తక్కువ. ఆఫ్రికాలో చాద్ సరస్సు పక్కన కానెంబు స్త్రీలు ఈ నాచుని దేవి, ఇసుక మీద ఆరబెట్టి బిళ్లలుగా కోసి, కూరల్లో వండటం ఎప్పటినుంచో ఉంది. ఇప్పుడు మాత్రలుగా మంచి ధరకి అమ్ముడుపోతోంది. ఆ ధర ఉంది కాబట్టే చెరువు నిలబడుతోంది. మాత్ర మింగినవాడు ఆ కార్బన్‌ని ఊపిరితో మళ్లీ గాలికి వదిలేస్తాడు. రెండో ప్రశ్నకి స్పిరులీనా జవాబు అదీ.

నాచు నుంచి నూనె తీసి బండ్లు నడపాలన్న ఆశ కథ కూడా ఉంది. అమెరికా ప్రభుత్వం 1978 నుంచి 1996 దాకా ఒక కార్యక్రమం నడిపి, న్యూ మెక్సికోలో రాస్‌వెల్ ఊళ్లో వెయ్యి చదరపు మీటర్ల చెరువులు తవ్వి చూసింది. అక్కడి రాత్రుల చలికి నాచు మందగించింది. ఈలోగా పెట్రోలు చవకయ్యి ప్రభుత్వానికి ఉత్సాహం చచ్చిపోయింది. 2009లో చమురు కంపెనీ ఎక్సాన్‌మొబిల్, జన్యు సాంకేతిక కంపెనీ సింథటిక్ జీనోమిక్స్‌తో చేతులు కలిపి, 60 కోట్ల డాలర్ల దాకా పెడతామంది. 2025కల్లా రోజుకి పది వేల పీపాల నాచు నూనె తీసేంత సాంకేతికత సిద్ధం చేస్తామని ఒక దశలో చెప్పుకుంది. ఆ గడువు రాకముందే, 2023 మొదట్లో, డబ్బు ఆపేసిందని వార్త వచ్చింది. ఈ కథ చెబుతున్నప్పుడు రచయిత్రి వెక్కిరించలేదు. ఆ పద్నాలుగేళ్లలో నాచు జన్యువుల గురించి తెలిసినదంతా వృథా కాదని రాసింది. అది నిజమే. కానీ పెట్రోలు బంకుల దగ్గర ఆకుపచ్చ రంగు ప్రకటనలకి ఈ పరిశోధన ఎంతగా పనికొచ్చిందో కూడా రాసి ఉంటే బాగుండేది. మర్యాద ఎక్కువైంది.

వెలుతురుతో పని లేని సూక్ష్మజీవుల అధ్యాయం నాకు అన్నిటికన్నా ఇష్టం. బెల్జియంలో శాస్త్రవేత్తలు కుందేలు పెంటికల్లోంచి వేరుచేసి, 1994లో పేరుపెట్టి ప్రకటించిన బ్యాక్టీరియా క్లాస్ట్రిడియం ఆటోఎథనోజెనమ్. మన ప్రాణం తీసే కార్బన్ మోనాక్సైడ్ దానికి తిండి. 2005లో న్యూజిలాండ్‌లో పుట్టిన లాంజాటెక్ కంపెనీ దీన్ని పట్టుకుని ఉక్కు కర్మాగారాల గేటు దగ్గర నిలబడింది. 2018లో చైనాలోని హెబెయ్‌లో షౌగాంగ్ ఉక్కు మిల్లు గ్యాసుతో ఎథనాల్ తీసే ప్లాంటు మొదలైంది. తర్వాత బెల్జియంలోని గెంట్‌లో ఆర్సెలర్ మిట్టల్ వాళ్లది. మన దేశంలో పానిపట్ రిఫైనరీలో ఇండియన్ ఆయిల్ ఇదే సాంకేతికతతో, రిఫైనరీ గ్యాసు నుంచి ఎథనాల్ తీసే ప్లాంటు కట్టింది.

ఇక్కడ మొదటి ప్రశ్న పదును చూడండి. కార్బన్ మోనాక్సైడ్ ఒక్కటే పెట్టి హైడ్రోజన్ ఇవ్వకపోతే, ఈ బ్యాక్టీరియా ఆరు అణువులు తిని ఒక ఎథనాల్ అణువు ఇస్తుంది. ఎథనాల్‌లో ఉండే కార్బన్లు రెండే. మిగతా నాలుగూ కార్బన్ డయాక్సైడ్‌గా బయటికొస్తాయి! శక్తి కోసం అది కార్బన్‌నే కాలుస్తోందన్నమాట. పక్కన హైడ్రోజన్ సమృద్ధిగా అందిస్తే ఆ నష్టం తగ్గి, కార్బన్ మొత్తం ఎథనాల్‌లోకి పోయే అవకాశం ఉంది. కాబట్టి అసలు ప్రశ్న బ్యాక్టీరియాది కానే కాదు, చవకైన శుభ్రమైన హైడ్రోజన్ ఎక్కడిది అన్నదే. బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాసులో హైడ్రోజన్ తక్కువ; కోక్ ఓవెన్ గ్యాసులో సగానికి పైగా అదే. విశాఖ ఉక్కులాంటి చోట రెండూ పుడతాయి. అయితే ఉక్కు ఫ్యాక్టరీ ఆ గ్యాసుల్ని గాలికి వదిలేయదు, వాటినే మండించి వేడీ కరెంటూ తీసుకుంటుంది. బ్యాక్టీరియాకి పెడితే ఆ లోటు ఎవరు పూడ్చాలి? బొగ్గుతోనే పూడిస్తే మొదటికి మోసం. ఎథనాల్ కారులో కాలిపోతే ఆ కార్బన్ కూడా గాలిలోకే. ఒకే కార్బన్ రెండు పనులు చేసిపెట్టిందన్న మాట నిజం. దాచిపెట్టామన్న మాట అబద్ధం. ఇది ఆమె తీర్పు. నాదీ అదే.

2019లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో రాన్ మిలో బృందం ఈ.కోలై చేత కార్బన్ డయాక్సైడ్ తినిపించింది. మామూలుగా చక్కెర తిని బతికే బ్యాక్టీరియా, నెలల తరబడి చక్కెర తగ్గిస్తూ పోగా, ఒంటికి కావలసిన కార్బన్ మొత్తం కార్బన్ డయాక్సైడ్ నుంచే తెచ్చుకునే స్థితికి వచ్చింది. అద్భుతమే. పత్రికలు పండగ చేసుకున్నాయి. దానికి శక్తి మాత్రం ఫార్మేట్ అనే రసాయనం నుంచి వస్తోంది, ఆ ఫార్మేట్ని విరిచేటప్పుడు తిన్నదానికన్నా ఎక్కువ కార్బన్ డయాక్సైడ్ వదులుతోంది. ఈ సంగతి ఆ శాస్త్రవేత్తలు తమ వ్యాసంలో స్పష్టంగా రాశారు. పతాక శీర్షికలు పెట్టినవాళ్లు అంతదూరం చదవలేదు.

కార్బోనిక్ అన్‌హైడ్రేజ్ గురించి రెండున్నర పేజీలే ఉంది. పది పేజీలకి అర్హత ఉన్న విషయం. 1930ల తొలినాళ్లలో మనిషి తొలిసారి గుర్తించిన ఈ ఎంజైమ్ మన ఎర్ర రక్తకణాల్లోనే ఉంది. కండరాల్లో పుట్టిన కార్బన్ డయాక్సైడ్‌ని బైకార్బొనేట్‌గా మార్చి రక్తంలో కరిగిస్తుంది. ఊపిరితిత్తుల దగ్గర మళ్లీ గ్యాసుగా మార్చి బయటికి పంపుతుంది. ఒక్కో అణువు సెకనుకి పది లక్షల దాకా ఈ పని చేయగలదు. రూబిస్కో పదితో ఆగిపోయిన చోట ఇది పది లక్షలు! పొగగొట్టాల దగ్గర కార్బన్ డయాక్సైడ్ పట్టడానికి ఇప్పుడు వాడే అమీన్ ద్రావణాలకి 1930 నాటి పేటెంటే మూలం. అవి గ్యాసుని బాగానే పడతాయి గానీ, దాన్ని వదిలించడానికి 120 డిగ్రీల దాకా కాచాలి. ఆ ఆవిరి విద్యుత్ కేంద్రం కడుపు కొట్టి తేవాల్సిందే. ఈ ఎంజైమ్ కలిపిన కార్బొనేట్ ద్రావణాలు అంతకన్నా తక్కువ వేడితో పని కానిస్తాయి. కెనడాలోని క్యూబెక్‌లో సెయింట్ ఫెలిసియన్ ఊళ్లో ఓ కాగితపు గుజ్జు మిల్లు దగ్గర రోజుకి 30 టన్నుల ప్లాంటు పెట్టి, పట్టిన గ్యాసుని పక్కనున్న దోసకాయల గ్రీన్‌హౌస్‌కి పంపారు. దోసకాయలు తిన్నవాళ్ల సంగతి స్పిరులీనా దగ్గరే చెప్పుకున్నాం. అయినా జీవిని మొత్తం పోషించకుండా, దాని పనిముట్టు ఒక్కటే అరువు తెచ్చుకోవడం తెలివైన పద్ధతి. 11 వేల టన్నుల రోజువారీ పొగ ముందు ఎప్పటికైనా నిలబడేది ఏదన్నా ఉంటే అది ఈ దారేనని నా అనుమానం. రచయిత్రి అంత దూరం ఒప్పుకోదు.

సముద్రం అధ్యాయంలో మన దేశం పాత్ర ఉంది, తెలుగులో దాన్ని ఇంత వివరంగా నేను ఎక్కడా చదవలేదు. దక్షిణ మహాసముద్రంలో పోషకాలున్నా ఇనుము తక్కువ. ఇనుము చల్లితే నాచు విజృంభించి, చచ్చి అడుక్కి పోయి, కార్బన్‌ని తనతో తీసుకుపోతుందని సిద్ధాంతం. 2009 జనవరిలో జర్మనీ నౌక పోలార్‌స్టెర్న్ కేప్‌టౌన్ నుంచి బయల్దేరింది. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, జర్మనీలోని ఆల్ఫ్రెడ్ వెగెనర్ సంస్థ కలిసి చేసిన ఈ ప్రయోగం పేరు లోహాఫెక్స్. వాజిహ్ నక్వీ, విక్టర్ స్మెటాచెక్ ఇద్దరూ నాయకులు. పర్యావరణ సంఘాలు గొడవ చేశాయి, జర్మనీ మంత్రిత్వ శాఖ ఆపమంది, నౌక నడిసముద్రంలో అనుమతి కోసం ఎదురుచూసింది. చివరికి 300 చదరపు కిలోమీటర్ల సుడిలో ఇనుప సల్ఫేటు కరిగించి వదిలారు. నాచు పెరిగింది. కోపెపాడ్లనే చిన్న జంతువులు వచ్చి తినేశాయి. వాటిని తినడానికి యాంఫిపాడ్లనే ఇంకాస్త పెద్ద జంతువులు వచ్చాయి. అడుక్కి పోయిన కార్బన్ నామమాత్రం.

కారణం చాలా చిన్నది. గాజు పెంకు కట్టుకునే డయాటమ్‌లైతే అంత తేలిగ్గా ఆహారం కావు. కానీ ఆ నీళ్లలో సిలికా అప్పటికే అయిపోయింది, కాబట్టి అవి పెరగలేదు. పెంకు లేని మెత్తటి నాచే పెరిగింది. ఇనుము ఒక్కటే చూసుకుని బయల్దేరిన ఆలోచనకి సిలికా అడ్డం తిరిగింది. ప్రయోగం విఫలమైందని చాలామంది అన్నారు. రచయిత్రి ఇది జయప్రదమైన ప్రయోగం అంటుంది: అడిగిన ప్రశ్నకి "కాదు" అని సూటిగా జవాబొచ్చింది, దాన్ని దాచకుండా ప్రచురించారు. ఈ మాట దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. మా తరం శాస్త్రవేత్తల్లో ఎందరం ఇలా అనగలిగాం!

దానికి జతగా ఆమె అజొల్లా కథ పెట్టింది. మన రైతులు పశువులకి మేపే, వరిమడిలో వేసే ఆ తేలే నాచులాంటి మొక్క. దాని ఆకు గదుల్లో కాపురముండి గాలిలోని నత్రజనిని అందించేది సయనోబ్యాక్టీరియాయే. 2004లో ఆర్కిటిక్ సముద్రం అడుగుని తవ్వినప్పుడు, 4.9 కోట్ల ఏళ్ల నాటి పొరల్లో ఈ అజొల్లా అవశేషాలు గుట్టలుగా దొరికాయి. అప్పటి ఆర్కిటిక్ వెచ్చగా, పైపొర మంచినీళ్లతో ఉండేది. సుమారు 8 లక్షల ఏళ్లపాటు అజొల్లా మళ్లీ మళ్లీ పెరిగి, ఆక్సిజన్ అందని అడుగు బురదలోకి దిగి, కుళ్లకుండా పూడిపోయింది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ తగ్గడానికి అదీ ఒక కారణమని ఆ తవ్వకం చేసినవాళ్ల వాదన. రెండు ప్రశ్నలకీ పూర్తి మార్కులు తెచ్చుకున్న జవాబు పుస్తకం మొత్తంలో ఇదొక్కటే: శక్తి సూర్యుడిది, కార్బన్ బురదలోకి. కాలం మాత్రం 8 లక్షల ఏళ్లు.

ఇక పేచీలు. జన్యువులు మార్చిన నాచుని బయటి చెరువుల్లో పెంచితే అది గాలికీ కొంగల కాళ్లకీ అంటుకుని ఎటు పోతుందన్నది అరపేజీలో తేల్చెయ్యడం న్యాయం కాదు. పుస్తకం చివర పదసూచి లేదు. ఇన్ని పేర్లున్న పుస్తకానికి అది లేకపోతే విద్యార్థులు అవస్థ పడతారు. ప్రచురణకర్తలు ఖర్చు చూసుకున్నారేమో గానీ, బొమ్మలు రెండు తగ్గించైనా పదసూచి వెయ్యాల్సింది.

అన్నిటికన్నా పెద్ద లోటు మీథేన్. నీళ్లు నిలబెట్టిన వరిమడి బురదలో ఆక్సిజన్ ఉండదు. అక్కడి ఆర్కియా అనే సూక్ష్మజీవులు మీథేన్ పుట్టిస్తాయి. వరి కాడలోని గాలి గొట్టాల గుండానే అది పైకి వస్తుంది. వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కన్నా 27 రెట్లకి పైగా వేడి పట్టి ఉంచే గ్యాసు. అదే వరి వేళ్ల చుట్టూ, కాస్త ఆక్సిజన్ దొరికే చోట, ఆ మీథేన్‌ని తినే బ్యాక్టీరియా కూడా ఉన్నాయి. పుట్టించేదీ సూక్ష్మజీవే, తినేదీ సూక్ష్మజీవే. వాటి మధ్య పందెం ఎవరు గెలవాలన్నది రైతు మడిలో నీళ్లు ఎప్పుడు తీసి ఎప్పుడు పెడతాడన్న దాన్నిబట్టి ఉంటుంది. పొలాన్ని తడుపుతూ ఆరబెడుతూ సాగుచేసే పద్ధతిలో మీథేన్ గణనీయంగా తగ్గుతుందని ఎన్నో దేశాల్లో చూశారు. గోదావరి డెల్టా అమ్మాయి, ఉక్కు మిల్లుల గ్యాసు మీద ముప్ఫై పేజీలు రాసి ఇంటి వెనక మడిని వదిలేసింది! ఫోన్లో అడిగితే "అది కార్బన్ పట్టుకోవడం కిందికి రాదు కదా మాస్టారూ" అంది. పట్టుకునే పని అవసరం లేకుండా ముందే ఆపడం కూడా ఈ పుస్తకం పరిధిలోదే అని నేను. ఆ వాదన ఇంకా తెగలేదు. మార్టేరు వరి పరిశోధన స్థానానికి ఒకసారి వెళ్లి, అక్కడివాళ్లతో మాట్లాడి, కాలువ చివరి భూముల రైతుల్ని "ఆరబెట్టాక మళ్లీ తడపడానికి నీళ్లు సమయానికి వస్తున్నాయా?" అని అడిగి రమ్మన్నాను. రెండో ముద్రణకి ఆ అధ్యాయం రాసి పంపితే, దానికి వేరే ముందుమాట అడగక్కర్లేదు, ఇదే సరిపోతుంది.